జపాను వీడియో క్రీడలలో యుద్ధరీతులు, పాత్రనిర్మాణము

(సంఘ వార్షికోత్సవ సందర్భమున చేసిన ఉపన్యాస పాఠము)



మన సంఘ వేదికపై ప్రబంధములను గూర్చియు, నాటక పద్యములను గూర్చియు, త్యాగరాజ కృతులను గూర్చియు ఉపన్యాసములు జరుగుట వాడుక. ఈ సాయంకాలము నేను ఎన్నుకొనిన విషయము వీడియో క్రీడలు. కార్యక్రమ పత్రములో ఈ శీర్షికను చూచి ముందు వరుసలలోని పెద్దలు చిరునవ్వు నవ్వుటయు, వెనుక వరుసలలోని పిల్లలు నిటారుగా కూర్చుండుటయు నేను గమనించితిని. ఆ రెండు వరుసల నడుమ నున్న దూరమును కొంతయైనను తగ్గింపవలెనన్నదే నా యుద్దేశము.

వీడియో క్రీడ యనగానే మనలో పలువురకు తుపాకి పట్టుకొని పరుగెత్తు బొమ్మయే జ్ఞప్తికి వచ్చును. 1990 ప్రాంతములలో మన యిండ్లలో టెలివిజనుకు తగిలించి ఆడిన ఆటలు చాలవరకు అట్టివే. వాటిలో గెలుపు వ్రేళ్ళ చురుకుదనమును బట్టి యుండును. నేను చెప్పబోవునవి వేరొక జాతికి చెందినవి. వీటికి రోల్ ప్లేయింగ్ గేములని పేరు. తెలుగున పాత్రపోషణ క్రీడలనవచ్చును. ఆటగాడు ఒక నాయకుని, అతని సహచరులను వెంటబెట్టుకొని దేశములు తిరుగును. ఊరూర జనులతో మాటలాడును. దారిలో ఎదురైన రాక్షసులతో పోరును. ప్రతి పోరాటమువలన కొంత అనుభవము సమకూడును. అనుభవము పెరిగిన కొలది లెవెల్ పెరుగును. లెవెలుతో బలమును, విద్యయు పెరుగును. ఒక కథ ముగియుటకు పదుల గంటలు పట్టును. ఆటయనుటకంటె, తానే ఒక పాత్రగా చదువు నవల యనుట సమంజసము.

ఈ క్రీడలకు మూలము అమెరికాలో 1974లో వెలువడిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ అను బల్లమీది ఆట. దాని ప్రభావమున 1981లో అల్టిమా, విజార్డ్రీ అను రెండు కంప్యూటరు క్రీడలు పుట్టినవి. జపానులో యూజి హొరీ అను రచయిత మొదటిదానినుండి పైనుండి చూచు దేశపటమును, రెండవదానినుండి యుద్ధపద్ధతిని గ్రహించి, బాలురకును సుబోధమగునట్లు మలచి, 1986 మే 27న డ్రాగన్ క్వెస్ట్ అను క్రీడను వెలయించెను. మరుసటి సంవత్సరము డిసెంబరులో హిరొనొబు సకగుచి నాయకత్వమున ఫైనల్ ఫాంటసీ వెలువడెను. ఈ రెండు వంశములును నేటికిని కొనసాగుచున్నవి. నా పోలికలలో ఎక్కువ భాగము వీనినుండియే.

ఇట్టి క్రీడకు రెండు అంగములు ముఖ్యములు. మొదటిది యుద్ధరీతి: ఎవరు ఎప్పుడు కొట్టవలెను, ఎవరు మందు వేయవలెను, ఆలోచించుటకు ఎంత వ్యవధి కలదు అనునది. రెండవది పాత్రనిర్మాణము: ఈ మనిషి ఖడ్గధారి కావలెనా, మాంత్రికుడు కావలెనా, ఆ నిర్ణయము ఎవరిది అనునది. ఈ రెండింటిని విడివిడిగా పోల్చువారు కలరు. యుద్ధము ఒక ప్రశ్న, పాత్రనిర్మాణము దానికి సమాధానము అని నా భావము. ఒకదానిని విడిచి రెండవదాని విలువ కట్టలేము. ఈ జంటను పరీక్షించుటకు నా యొద్దనున్న గీటురాయి యిది: ఆటగాడు దేనిని పొందుటకై దేనిని వదలుకొనవలసి వచ్చుచున్నది? వదలుకొనిన పిమ్మట అతనికి మరల దారి కలదా?

మొదటి డ్రాగన్ క్వెస్టులో నాయకుడు ఒంటరివాడు. శత్రువును ఒక్కొక్కడే ఎదురు నిలుచును. నీవొక దెబ్బ, వాడొక దెబ్బ, అంతియే యుద్ధము. ఏ లెవెలులో ఏ మంత్రము వచ్చునో ముందే వ్రాసియున్నది. ఇందులో ఒక చమత్కారము కలదు. ఆటగాడు నాయకునికి పెట్టిన పేరులోని అక్షరములను బట్టి వాని బలము, చురుకుదనము ఎంతెంత పెరుగునో లోలోపల నిర్ణయమగును. ఆ సంగతి ఆటగానికి తెలియనే తెలియదు. నామకరణము నాడే జాతకము వ్రాసినట్లన్నమాట! ఇది విధివ్రాత పద్ధతి. ఇందు ఎన్నుకొనుట లేదు, కావున పశ్చాత్తాపమును లేదు.

మొదటి ఫైనల్ ఫాంటసీ ఎన్నికను ఆటగాని చేతికిచ్చెను. కాని మొదటి నిమిషముననే ఇచ్చెను. కథ యొక అక్షరమైనను తెలియకముందే నలుగురు వీరులకు వృత్తులు నిర్ణయింపవలెను. యోధుడు, దొంగ, మల్లుడు, ఎఱ్ఱ మాంత్రికుడు, తెల్ల మాంత్రికుడు, నల్ల మాంత్రికుడు అని ఆరు వృత్తులు. నలుగురును యోధులే కావచ్చును; కాని అప్పుడు గాయపడినవానికి వైద్యుడుండడు. నలుగురును మాంత్రికులే కావచ్చును. కాని ముందు నిలిచి దెబ్బ కాచువాడుండడు. నడుమ ఒకనాడు నాగరాజగు బహాముతు దయవలన యోధుడు సామంతవీరుడు, దొంగ నింజా అగుదురు. అది పదోన్నతియే కాని వృత్తిమార్పు కాదు. తొలినాడు వ్రాసినది తుదివరకు చెరగదు. మన తెలుగు యిండ్లలో పదవ తరగతి ముగిసిన వేసవిలో లెక్కల గ్రూపా, జీవశాస్త్రపు గ్రూపా యని పదునైదేండ్ల పిల్లను కూర్చుండబెట్టి అడుగుట నెఱిగినవారికి ఈ పద్ధతిని వేరుగా వివరింప నక్కరలేదు.

1988 ఫిబ్రవరి 10న వెలువడిన మూడవ డ్రాగన్ క్వెస్ట్ ఈ చిక్కుముడిని విప్పెను. ఇందు నాయకుడు సత్రమునకు పోయి, తనకు కావలసిన సహచరులను పేర్లు పెట్టి చేర్చుకొనును: యోధుడు, మల్లుడు, మాంత్రికుడు, పురోహితుడు, వర్తకుడు, విదూషకుడు. కొంతదూరము పోయిన పిమ్మట ఒక ఆలయము కనబడును. ఇరువదవ లెవెలు దాటినవారు అచ్చట వృత్తిని మార్చుకొనవచ్చును. కాని వెల సామాన్యమైనది కాదు. లెవెలు మరల ఒకటికి దిగిపోవును. బలము, చురుకుదనము మొదలగునవి సగమునకు పడిపోవును. ఇంతవరకు సంపాదించిన హోదా యంతయు పోయి, క్రొత్తగా చేరిన బాలునివలె మొదటినుండి నడువవలెను. మిగులున దొక్కటే: నేర్చిన మంత్రములు. అవి యెన్నటికిని పోవు.

కేంద్ర ప్రభుత్వోద్యోగులైన మీకు ఇది వింతగా తోచదు. స్వంత కోరికపై బదిలీ పొంది వేరొక ప్రాంతమునకు పోయినవారు మన శాఖలలో అనేకమున సీనియారిటీ పట్టికలో అట్టడుగున చేరుదురు కదా! హోదా పోవును, చేసిన పని నేర్పిన విద్య పోదు. ఆ లెక్కను ఒక బాలుర ఆట ఇంత ఖచ్చితముగ పట్టుకొనినది.

ఈ క్రీడలో మరి రెండు విశేషములు కలవు. అన్నింటికంటె ఉన్నతమైన వృత్తి జ్ఞాని. జ్ఞాని కావలెనన్న జ్ఞానగ్రంథమొకటి సంపాదింపవలెను. అది సులభముగ దొరకదు. కాని గ్రంథముతో పనిలేకయే జ్ఞాని కాగలవాడు ఒక్కడే కలడు: విదూషకుడు! యుద్ధమున నాయకుడు కొట్టుమనిన కొట్టక, గెంతులు వేయుచు, నవ్వుచు, ఇతరులకు భారమై తిరుగువాడు ఇరువదవ లెవెలు వరకు ఓర్పుతో తోడు తెచ్చుకొనబడినచో, ఆలయమున జ్ఞానిగా మారును. వానిని మోసిన సహచరుల ఓర్పే దీనికి వెల. ఇక రెండవ విశేషము: ఆ ఆలయమున ఎవ్వరైనను వృత్తి మార్చుకొనవచ్చును గాని, కథానాయకుడు మాత్రము మార్చుకొనలేడు. విధిచేత నియుక్తుడైనవానికి స్వేచ్ఛ లేదు, సామాన్యునికి కలదు. ఈ ఒక్క నిబంధనలో ఎంత అర్థము ఇమిడియున్నదో మీరే ఆలోచింపుడు.

ఫైనల్ ఫాంటసీ వారు వృత్తిమార్పును తమ మూడవ భాగమున 1990లోను, ఐదవ భాగమున 1992లోను చేపట్టిరి. ఐదవ భాగమున ఇరువది రెండు వృత్తులు. ఇచ్చట వృత్తి మార్చుకొనినందుకు శిక్ష లేదు. ఉదయము వైద్యుడు, మధ్యాహ్నము విలుకాడు, సాయంకాలము నర్తకుడు కావచ్చును. లెవెలు తగ్గదు. అయితే త్యాగమేమియు లేదా యన్న కలదు. అది మరొక చోటనున్నది. ఒక వృత్తిలోనున్నవాడు వేరొక వృత్తిలో నేర్చినవానిలో ఒక్క విద్యను మాత్రమే వెంట తెచ్చుకొనగలడు. నేర్చినవి పది యైనను, నేటి యుద్ధమునకు పనికివచ్చునది ఏదో ఆ యొక్కదానిని ఎన్నుకొనవలెను. అందుచేతనే ఈ క్రీడలోని పెద్ద శత్రువులు చిక్కుప్రశ్నలవలె నుందురు. ఒకడు భూకంపము పుట్టించును. గాలిలో తేలు మంత్రము నెఱిగిన జట్టుకు వాడు గడ్డిపోచ, ఎఱుగని జట్టుకు మృత్యువు. ఓడినవాడు తన జట్టును మార్చుకొని మరల పోవును. ఇచ్చట యుద్ధము ప్రశ్న, వృత్తి సమాధానము అన్నమాట అక్షరాల నిజము.

ఇంకొక అందమైన ఏర్పాటు చూడుడు. ఏ వృత్తియు లేని సాదా మనిషి ఈ క్రీడలో మొదట అందరికంటె అశక్తుడు. కాని పూర్తిగా సాధించిన వృత్తుల సహజగుణములు ఒక్కొక్కటిగా అతనికి సంక్రమించును. కడపట అతడే అందరికంటె సమర్థుడగును. అన్ని కుర్చీలలో కూర్చుండి పనిచేసి వచ్చిన మనిషికి, ఏ కుర్చీయు లేకున్నను, విలువ తగ్గదని దీని భావము.

ఇంతవరకు చెప్పినవి విధివ్రాతయు, ఎన్నికయు. మూడవ మార్గము కర్మ. 1988 డిసెంబరులో వచ్చిన రెండవ ఫైనల్ ఫాంటసీలో అకితొషి కవజు అను రూపకర్త లెవెలునే తీసివేసెను. కత్తి పట్టినవానికి కత్తివిద్య పెరుగును. మంత్రము పలికినవానికి ఆ మంత్రమే పదునెక్కును. దెబ్బలు తినినవానికి ప్రాణబలము పెరుగును. తొలి రూపములో ఒక శక్తి పెరిగినప్పుడు వేరొకటి ఒక్కొక్కప్పుడు తగ్గుటయు కలదు. వినుటకు ఇంతకంటె న్యాయమైన పద్ధతి లేదు: చేసినదే మనిషి యగును. కాని ఆటగాండ్రు ఏమి చేసిరి? దెబ్బలు తినినచో ప్రాణబలము పెరుగునని తెలియగానే, బలహీనుడగు శత్రువును ఎదుట నిలిపియుంచి, తమ సహచరులను తామే కొట్టుకొన మొదలిడిరి! కొలమానమును చూచి పనిచేయువాడు పనిని మరచుననుటకు ఇంతకంటె చక్కని నిదర్శన మెక్కడ దొరకును? అయినను కవజు ఈ మార్గమును విడువలేదు. 1989నుండి సాగా అను వేరొక క్రీడావళిలో దానిని సానబెట్టుచు వచ్చెను.

ఇప్పుడు యుద్ధరీతిలో వచ్చిన పెద్ద మార్పును గూర్చి మనవి చేసెదను. తొలి క్రీడలలో ఆటగాడు ఎంతసేపైనను ఆలోచింపవచ్చును. శత్రువు చేతులు కట్టుకొని నిలిచియుండును. 1991 జూలైలో వెలువడిన నాలుగవ ఫైనల్ ఫాంటసీలో హిరొయుకి ఇతో అను రూపకర్త గడియారమును రంగమునకు తెచ్చెను. ప్రతి పాత్రకును వంతు వచ్చుటకు దాని చురుకుదనమును బట్టి కొంత కాలము పట్టును. నీవు మంత్రముల జాబితా చదువుకొనుచుండగనే శత్రువు కొట్టును. ఫార్ములా వన్ కారు పందెములు చూచుచుండగా ఆయనకు ఈ యూహ తోచినదని చెప్పుదురు. ఈ మార్పుతో మీమాంసకే వెల ఏర్పడెను. ఆలోచన కూడ ఒక వ్యయమయ్యెను.

ఈ నాలుగవ భాగములో వృత్తి మార్చు అధికారము ఆటగానికి లేదు. పాత్రల విద్యలన్నియు కథ నిర్ణయించును. అయినను పాత్రనిర్మాణమున ఇంతటి ఎత్తునకు పోయినవి కొన్నియే. రిడియా యను బాలిక మాంత్రికురాలు. కాని ఆమెకు అగ్నిమంత్రము రాదు. ఆమె గ్రామము అగ్నికి ఆహుతియైనది. ఒక పర్వతమార్గమున మంచుగడ్డ అడ్డమైనప్పుడు దానిని కరిగింపుమని సహచరులడుగగా ఆమె మొదట నిరాకరించును. వారు నచ్చజెప్పిన పిమ్మటనే ఆ మంత్రము ఆమెకు వచ్చును. ఆమె నేర్చినది లెవెలు పెరిగి కాదు, భయము తొలగి. నాయకుడగు సెసిల్ చీకటి యోధుడు. రాజాజ్ఞపై చేసిన పాపములు అతని వెంటనున్నవి. పరీక్షాపర్వతముపై అతడు ధర్మయోధుడుగా మారి, లెవెలు ఒకటికి దిగును. అప్పుడు అద్దమునుండి అతని పూర్వరూపమే కత్తి దూసి ఎదురు వచ్చును. అంతవరకు ఇరువది గెలుపులు గెలిచిన ఆటగాడు అలవాటు చొప్పున కొట్టబోవును. కాని ఈ యుద్ధము గెలుచుటకు కొట్టరాదు. దెబ్బలు కాచుకొనుచు నిలువవలెను. కొట్టుటయే విద్యగాగల క్రీడలో కొట్టకుండుటయే గెలుపైన ఘట్టమిది. యుద్ధరీతియు, పాత్రయు, కథయు మూడును ఒక్కటైన చోటు.

1997 జనవరి 31న వచ్చిన ఏడవ భాగము దీనికి విరుద్ధమైన దారి పట్టెను. ఇందు విద్యలు మనుష్యులలో లేవు, మెటీరియా యను రంగు గోళములలో నున్నవి. ఆయుధమునకును, కవచమునకును గుంటలుండును. గోళమును గుంటలో పొదిగినచో ఆ మంత్రము వచ్చును. జంట గుంటలలో అగ్నిగోళమును, సర్వవ్యాప్తిగోళమును ప్రక్క ప్రక్కన పెట్టినచో మంట శత్రువులందరిపైన పడును. మంత్రగోళములు మిక్కిలిగా పొదిగినవానికి మంత్రబలము పెరిగినను ప్రాణబలము తగ్గును. ఈ కూర్పులలోని తర్కము ఎంతో రమ్యమైనది. గంటల తరబడి కూర్చుకొనవచ్చును. అయితే ఒక లోటు కలదు. గోళము మార్చిన మనిషి మారును. అందువలన ఎవరైనను ఎవరి పనియైనను చేయగలరు. మనుష్యులు కొక్కెములవలె నగుదురు. అంగీ ఏది తగిలించిన అదియే.

కాని ఆ క్రీడ నడుమ ఎయిరిత్ అను వైద్యశక్తిగల యువతి శత్రువు కత్తికి బలి యగును. ఏ మంత్రమును ఆమెను మరల బ్రతికింపలేదు. ఆటగాడు తన సంచి తెరచి చూచునప్పటికి, ఆమెకు పొదిగిన గోళములు అందులో భద్రముగ నుండును. ఆమె చేసిన వైద్యమును ఆ గోళము పెట్టుకొని వేరొకరు చేయుదురు. జట్టుకు లెక్కలో లోటు కొంచెమే. కాని ఆమె స్థానము ఖాళీగానే యుండును. కార్యాలయమున ఒకరు పోయినచో ఫైలు మరొక బల్లకు చేరును, పని సాగును, మనిషి మాత్రము రాడు. పరస్పరము మార్చుకొన వీలైన విద్యలను పెట్టి, మార్చుకొన వీలులేని మనిషి విలువను ఈ క్రీడ చూపినదని నాకు తోచును.

పదవ భాగము 2001లో గడియారమును ప్రక్కకు త్రోసి, ఎవరి తరువాత ఎవరి వంతో తెరమీద వరుసగా వ్రాసి చూపెను. తొందర పోయి దూరదృష్టి వచ్చెను. పాత్రల అభివృద్ధికి పెద్ద పటమొకటి ఏర్పరచి, దానిపై ఒక్కొక్కరు ఒక్కొక్క దారిన నడుచునట్లు చేసిరి. ప్రారంభమున ఈ దారులు వేరు. కాని చిరకాలము ఆడినవారికి అందరును అన్ని దారులును తిరిగి, చివరకు ఒకే తీరుగా తయారగుదురు. హద్దులేని స్వేచ్ఛ విశిష్టతను మ్రింగివేయుననుటకు ఇది నిదర్శనము.

దీనికి ఎదురుగా ఒక చిన్న క్రీడను నిలిపి చూడుడు. పోకిమాన్ అను పేరు మన పిల్లలందరకు టెలివిజను బొమ్మల కథవలన పరిచితమే. దానికి మూలము సతోషి తజిరి రూపొందించి 1996 ఫిబ్రవరి 27న జపానులో విడుదల చేసిన క్రీడ. అందు 151 జంతువులు. ఒక్కొక్కదానికి ఎన్ని విద్యలు వచ్చుటకు అవకాశమున్నను, ఒకే కాలమున నాలుగు మాత్రమే జ్ఞాపకముండును. ఐదవది నేర్వవలెనన్న ఒకటి మరువవలెను. నిప్పు నీటికి లోబడును, నీరు చెట్టుకు లోబడును, చెట్టు నిప్పుకు లోబడును. ఏ శత్రువు వచ్చునో తెలియకుండ నాలుగింటితోనే సిద్ధముగ నుండవలెను. ఎనిమిదేండ్ల బాలుడు ఏది మరచిపోవలెనో తేల్చుకొనలేక తెర ముందు బుగ్గన చేయి పెట్టుకొని కూర్చుండునప్పుడు, వాడు కాలము వృథా చేయుచున్నాడని మనము కసరుకొందుము. ఆ క్షణమున వాడు చేయుచున్నది వివేచన.

వదలుకొనుట యను నీతిని కఠినముగ పట్టుకొనినది షిన్ మెగామి టెన్సే యను క్రీడావళి. లోకములోని సకల పురాణముల దేవతలును, భూతములును ఇందు కనబడుదురు; మన శివుడు, లక్ష్మి, సరస్వతియు కలరు. మన దేవతలను ఇట్లు ఆటలోనికి దింపుట కొందరకు రుచింపకపోవచ్చును, అది సహజమే. ఇందు శత్రువుతో యుద్ధము చేయుటయే కాక బేరమాడి మిత్రునిగ చేసికొనవచ్చును. ఇద్దరు మిత్రులను కలిపి మూడవ జీవిని సృష్టింపవచ్చును. అది వారి విద్యలలో కొన్నింటిని వారసత్వముగ పొందును, వారు మాత్రము ఉండరు. 2003లో వచ్చిన మూడవ భాగమున నాయకుడు ఎనిమిది విద్యలకు మించి ఉంచుకొనలేడు. ఒకసారి విడిచిన విద్య మరల రాదు. యుద్ధరీతియు అంత కఠినమే. శత్రువు బలహీనతను కనిపెట్టి కొట్టినచో అర వంతు మాత్రమే ఖర్చగును. గురి తప్పినచో రెండు వంతులు పోవును. శత్రువునకును ఇదే నియమము. కావున అజాగ్రత్తగ కూర్చిన జట్టు ఒక్క క్షణమున కూలిపోవును. ప్రశ్న ఎంత పదునైనదో, సమాధానమును అంత పదునుగ నుండవలసి వచ్చును.

ఇక ఆజ్ఞాపాలనను గూర్చి రెండు మాటలు. 1990లో వచ్చిన నాలుగవ డ్రాగన్ క్వెస్టులో, చివరి అధ్యాయమున ఆటగాడు నాయకునికి మాత్రమే ఆజ్ఞ ఇయ్యగలడు. తక్కినవారికి నీతిని మాత్రము చెప్పవచ్చును. పని వారి బుద్ధికి వదలవలెను. క్లిఫ్ట్ అను పురోహితుడు, మారణమంత్రము ఏమాత్రము పనిచేయని మహాశత్రువులపైన కూడ దానినే మరల మరల ప్రయోగించుచు జపానులో సామెతగా మారెను. 2006లో పండ్రెండవ ఫైనల్ ఫాంటసీ దీనికి మందు కనిపెట్టెను. "మిత్రుని ప్రాణబలము సగమునకు తగ్గినచో వైద్యము చేయవలెను", "శత్రువునకు నిప్పు గిట్టనిచో నిప్పునే వాడవలెను" అని ముందుగానే ఉత్తరువులు వరుసగా వ్రాసిపెట్టినచో, సహచరులు ఆ క్రమముననే నడుచుకొందురు. ఉత్తరువుల వరుస తప్పినచో, చావబోవు మిత్రుని విడిచి దొంగతనమునకు పోవుదురు! సర్క్యులర్లు వ్రాయు మనకును, వాని ననుసరించు మనకును ఇందలి సొగసు వేరుగా చెప్పవలెనా?

కడపట నొక కఠోరమైన క్రీడను పేర్కొనెదను. 1990లోనే మొదలైన ఫైర్ ఎంబ్లెం చదరంగమువంటి గళ్ళపై జరుగు యుద్ధము. ఇందు ప్రతి సైనికునికి పేరు, ముఖము, మాట కలవు. యుద్ధమున పడినవాడు సాధారణముగ మరల లేవడు. కథ అతడు లేకయే సాగును. ఒక గెలుపుకై ఒక మనిషిని బలి పెట్టవచ్చునా యను ప్రశ్న ప్రతి యెత్తునను ఎదురగును. చాలమంది ఆటగాండ్రు ఎవరైన పడిన వెంటనే యంత్రమును ఆపి, మొదటినుండి మరల ఆడుదురు. ఎవ్వరును అడుగకయే, ఒక్క ప్రాణముకొరకు గంట శ్రమను వదలుకొనుదురు. 2010లో వచ్చిన భాగము మొదలుకొని, పడినవారు తరువాతి ఘట్టమున లేచునట్టి సులభమార్గమును కూడ ఇచ్చిరి. దానిని పలుచన యని నిందించువారు కలరు. దానివలననే ఈ క్రీడ నాడగలిగినవారును కలరు. నేను ఇరువురిని అర్థము చేసికొందును.

ఈ పోలికలన్నింటి సారము నాకు తోచినంతవరకు చెప్పి విరమించెదను. విధివ్రాత పద్ధతి కథకు బలము నిచ్చును, ఆటగానికి స్వేచ్ఛ నియ్యదు. ఒక్కసారి మాత్రమే ఎన్నుకొను పద్ధతి స్వేచ్ఛ నిచ్చును, తెలియనివానిని శిక్షించును. వెలలేని స్వేచ్ఛ అందరిని ఒకే మూసలో పోయును. వీటిలో మూడవ డ్రాగన్ క్వెస్టులోని ఆలయమునే నేను మిన్నగ నెంచెదను. అచ్చట ఎన్నిక గలదు. దానికి వెల గలదు. వెల చెల్లించిన పిమ్మట దారియు గలదు. నేర్చినది మాత్రము చెక్కుచెదరదు. 2022లో వచ్చిన ఎల్డెన్ రింగ్ వంటి క్రీడలలో సైతము పాత్రను పునర్నిర్మించుకొను అవకాశముంచి, దానికి పరిమిత సంఖ్యలో దొరకు వస్తువును వెలగా పెట్టిరి. ఆనాటి ఆలయపు గంట ఇంకను మ్రోగుచున్నదన్నమాట.

పెద్దలకు నా విన్నపమొకటి. మనము ఊరు విడిచి వచ్చినవారము. బదిలీ వెంబడి బదిలీతో, భాష తెలియని ఊళ్ళలో పిల్లలను క్రొత్త బడులలో చేర్చినవారము. ప్రతి ఊరిలోను ఒకటవ లెవెలునుండి మొదలిడి, నేర్చినదానినే ఆస్తిగా మోసికొని వచ్చినవారము. అట్టి మనమే మన పిల్లలు ఒక దారి పట్టి, అది తమకు తగదని తెలిసికొని, వేరొక దారికి పోయెదమనినప్పుడు "ఇన్ని యేండ్లు వృథా" యని నిట్టూర్తుము. వృథా కాదు. లెవెలు తగ్గినది, మంత్రములు మిగిలినవి. విదూషకునివలె గెంతులు వేయు కుమారునికిని ఇరువదవ లెవెలు వరకు తోడు నడచువారుండవలెను.

పిల్లలకును ఒక మాట. ఈ క్రీడలను ఆడుడు. కాని గెలుపు లెక్కకై మిత్రులనే కొట్టిన ఆటగాండ్రను మరువకుడు. రాత్రి పదింటికి యంత్రమును ఆపుటయు ఒక త్యాగమే. దానిని మీ యిష్టముతో చేసిన గౌరవము, మీ నాయనగారు తీగె ఊడబీకిన లేదు.